సన్నాయి ఎవరి ఖాతాలో?

పెళ్లిపీటల మీద మాంగల్యం చేతికందగానే పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటాడు. అప్పటిదాకా ఏదో కీర్తన నింపాదిగా వాయిస్తున్న సన్నాయి ఒక్కసారిగా పైస్థాయికి లేస్తుంది. దానితో పాటు డోలు ఉరుముతుంది. ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ అపశకునపు మాటా ఆ క్షణాన వధూవరుల చెవిన పడకూడదని పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు అది. ఆ చప్పుడు లేకపోతే తెలుగువాళ్ల పెళ్లి పెళ్లిలా అనిపించదు.

గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో తరతరాలుగా ఆ సన్నాయిని ఊదిన ఊపిరిలో చాలా భాగం ముస్లింలది. ఈ సంగతి ఆ ప్రాంతం వాళ్లందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ రాయలేదు. "సాయిబు మేళం బాగా వాయించాడు" అని పెళ్లిభోజనాల దగ్గర అనుకున్నారు, తాంబూలంతో పాటు ఆ మాటా నమిలేసి మర్చిపోయారు. తెలుగువాళ్ల సంగీత చరిత్ర రాసినవాళ్లు వాగ్గేయకారుల గురించి రాశారు, గాయకుల గురించి రాశారు, వీణ, వయొలిన్ విద్వాంసుల గురించి రాశారు. సన్నాయి దగ్గరికి వచ్చేసరికి మంగళవాద్యం అని ఒక్క మాటతో సరిపెట్టారు. వాద్యం మంగళకరమైంది గానీ దాన్ని వాయించినవాడి పేరు పుస్తకానికెక్కలేదు. ఇటు ముస్లింల చరిత్ర రాసినవాళ్లు నవాబుల గురించి, ముషాయిరాల గురించి, గజళ్ల గురించి, ఖవ్వాలీల గురించి రాశారు. గుడి ముందు త్యాగరాజ కీర్తన వాయించిన సాయిబు వాళ్ల లెక్కలోకి రాలేదు.

రెండు చరిత్రల్లోనూ చోటు దొరకని ఈ సన్నాయి ఎవరి ఖాతాలోది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మాటలోనే ఉన్న చరిత్ర

ముందు ఆ పేరు చూడండి. షెహనాయి అన్న పారశీక మాటే తెలుగు నోట సన్నాయి అయింది. తెలుగు పెళ్లిపాటల్లో, సామెతల్లో, "సన్నాయి నొక్కులు" లాంటి జాతీయాల్లో ఎంతగా కలిసిపోయిందంటే, అది బయటినుంచి వచ్చిన మాట అని ఎవరికీ తట్టదు. సన్నాయి పక్కన మోగే నగారాదీ ఇదే దారి. దర్బారుల్లో, కోటగుమ్మాల మీద, దర్గాల్లో నౌబత్ మోగించడం పాత ఆచారం. అజ్మీర్ దర్గా నౌబత్‌ఖానా ఈనాటికీ ఉంది. దక్షిణాదిన గుడిలోనూ ఊరేగింపులోనూ మోగే వాద్యం మాత్రం నాదస్వరం. అది షెహనాయి కంటే బాగా పొడవు, ధ్వనీ గంభీరం, పుట్టుకా వేరు. అయినా తెలుగు జనం రెంటినీ ఒకే పేరుతో సన్నాయి అనే పిలుచుకున్నారు. పండితులు నాదస్వరం అన్నారు, ఊళ్లో సన్నాయి అన్నారు. వాద్యం ఒక దారిన వచ్చింది, పేరు ఇంకో దారిన వచ్చింది. ఈ వ్యాసంలో నేనూ ఊరి అలవాటునే పాటిస్తున్నాను.

వాయించేవాళ్లూ అలా కలిసినవాళ్లే. ఆంధ్రలో మేళం ప్రధానంగా రెండు సమూహాల చేతుల్లో బతికింది. ఒకటి మంగలి కులస్తులు, రెండోది ముస్లింలు. ముస్లింలలోనూ ఎక్కువమంది దూదేకులవాళ్లు. నూర్‌బాషీలని, పింజారీలని, లద్దాఫులని పిలిచేదీ వీళ్లనే. విల్లులాంటి పరికరం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, దాని నారి మీటుతూ దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి బతికినవాళ్లు. వీళ్ల ఇంటి భాష ఉర్దూ కాదు, తెలుగు. పేర్లు మస్తానయ్య, హుస్సేనయ్య, నాగూరయ్య. పేరు మొదట్లో పీరు ఉంటుంది, చివర అయ్య ఉంటాడు. ఉర్దూ రాదని, నమాజు సరిగా తెలియదని తోటి ముస్లింలు వీళ్లను చిన్నచూపు చూశారు. తురకలని హిందువులు దూరం పెట్టారు. పింజారీ అన్న వృత్తి పేరు తెలుగులో తిట్టు అయి కూర్చుంది. రిజర్వేషన్ల జాబితాలో వీళ్లది బీసీ-బీ. మిగతా వెనకబడ్డ ముస్లింలకు బీసీ-ఇ వచ్చింది 2007లో. కాగితం మీద కూడా వీళ్లది వేరే గడి.

తెలుగు పాటతో వీళ్ల సంబంధం కొత్తది కాదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో ముందు వరసలో ఉన్న సిద్ధయ్య దూదేకుల బిడ్డే. ఆ తత్వాల సంప్రదాయంలో సిద్ధయ్య పేరు గురువు పేరుతో సమానంగా నడుస్తుంది. అంటే తెలుగులో పాడటానికీ తెలుగును వాయించడానికీ వీళ్లు ఎవరి అనుమతికోసమూ ఆగలేదు. అది వాళ్ల ఇంటి భాష.

పంచాంగంతో ముడిపడ్డ సాయిబు బతుకు

సన్నాయి మేళం బతుకు ఎలా నడుస్తుందో తెలియకపోతే ఆ విద్య విలువ తెలియదు. మేళగాడి సంపాదన ముహూర్తాల మీద ఆధారపడుతుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం వస్తే రాత్రీ పగలూ తేడా ఉండదు. ఆషాఢం వచ్చిందా, పెళ్లిళ్లుండవు. పుష్యం శూన్యమాసం. మౌఢ్యం వస్తే నెలల తరబడి మేళం గూట్లోనే ఉంటుంది. కాబట్టి ఈ ముస్లిం ఇళ్లలో చాంద్రమాన పంచాంగం ఒకటి కాదు, రెండు. ఒకటి రంజాన్‌కూ బక్రీద్‌కూ, రెండోది అన్నం ముద్దకు. రంజాన్ నెలలో ముహూర్తాలు పడితే రోజా ఉన్న మనిషి ఎండిన గొంతుతో గంటల తరబడి సన్నాయి ఊదాలి. ఆ కష్టాన్ని ఏ మతం పెద్దలూ లెక్కగట్టలేదు.

వాద్యం కూడా మామూలుది కాదు. రెండున్నర అడుగుల పై చిలుకు పొడవు, గట్టి చేవగల కర్ర, చివర గంట ఆకారంలో అణసు, మొదట్లో రెల్లుజాతి గడ్డితో చేసిన పీక. వాయించే రంధ్రాలు ఏడే. మీటలు లేవు, బిరడాలు లేవు. వీణకు మెట్లున్నాయి, హార్మోనియానికి రీడ్లున్నాయి. సన్నాయిలో స్వరం ఎక్కడుందో పెదవికీ ఊపిరికీ వేలికీ తెలియాలి. ఒకే రంధ్రం మీద వేలు సగం మూసి, ఊదే బలం మార్చి, పీకను పెదవులతో నొక్కి మూడు నాలుగు ఛాయలు పలికించాలి. గమకం అంతా అక్కడే పుడుతుంది. చిన్నప్పుడే మొదలుపెట్టి పదేళ్లు సాధన చేస్తే తప్ప కచేరీకి పనికిరాదు.

ఇంకో సంగతి ఉంది. సన్నాయికి మాట లేదు. కానీ కీర్తనకు మాట ఉంది. వాయించేవాడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ మాటే చెప్పాలి. పదం మధ్యలో ఊపిరి తీస్తే సాహిత్యం తెలిసినవాడికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. పదం విరిగేచోటే ఊపిరి విరగాలి. త్యాగరాజు, రామదాసు, క్షేత్రయ్య రాసింది తెలుగులో. ఇంట్లో తెలుగు మాట్లాడే సాయిబుకు ఆ పదాలు ఎక్కడ విరుగుతాయో ఎవరూ నేర్పక్కర్లేదు. తెలుగు ముస్లిం అస్తిత్వం అంటే ఏమిటని అడిగేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తోచడం లేదు. మా తెలుగు మా ఊపిరిలో ఉంది.

కరవది నుంచి శ్రీరంగానికి

ఈ సంప్రదాయంలో శిఖరం షేక్ చినమౌలానా. 1924లో ఒంగోలు దగ్గరి కరవది గ్రామంలో పుట్టాడు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఆ ఊరు గుంటూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తొలి పాఠాలు తండ్రి కాశిం సాహెబ్ దగ్గర. తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర. చిలకలూరిపేట అంటే ఇవాళ పత్తి వ్యాపారం గుర్తుకొస్తుంది గానీ, ఆ రోజుల్లో సన్నాయి నేర్చుకోవాలంటే వెళ్లవలసిన ఊళ్లలో అది ఒకటి. ఆ ఊళ్లో ముస్లిం ఇళ్లు గురుకులాలు. వర్ణాలూ కీర్తనలూ రాగాలూ తండ్రి నుంచి కొడుక్కి, మేనమామ నుంచి మేనల్లుడికి అందేవి.

అంత నేర్చుకున్నాక కూడా చినమౌలానా ఆగలేదు. తిరువావడుదురై రాజరత్నం పిళ్లె వాయిద్యం ఆయన్ని పట్టుకుంది. రాజరత్నం పిళ్లె (1898–1956) సామాన్యుడు కాదు. తోడి రాగం అంటే రాజరత్నం తోడి అని చెప్పుకునే స్థాయి. పాత తిమిరి సన్నాయి కంటే పొడవైన, మంద్రంగా పలికే బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. నాదస్వరం వాయించేవాడికి గాయకుడితో సమానంగా గౌరవం దక్కాలని పట్టుబట్టిందీ ఆయనే. ఆ తంజావూరు బాణీ కోసం చినమౌలానా అరవదేశం వెళ్లి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యరికం చేశాడు. పేరొచ్చిన విద్వాంసుడు మళ్లీ విద్యార్థిగా కూర్చోవడం చిన్న విషయం కాదు. భాష వేరు, మతం వేరు. అక్కడ నాదస్వరం ఇసై వేళాళర్ల కులవిద్య, ఆయన ఆ కులం వాడూ కాదు. అయినా నేర్చుకున్నాడు, వాళ్లు నేర్పారు.

ఆ తర్వాత శ్రీరంగంలో, రంగనాథుడి గుడి నీడలో స్థిరపడ్డాడు. 1982లో అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి శిష్యుల్ని తయారు చేశాడు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో అంతకు మించిన గౌరవం లేదు. నాదస్వరం వాయించేవాళ్లకు అది దక్కడం బహు అరుదు. మరుసటి ఏడాది, 1999 ఏప్రిల్‌లో, శ్రీరంగంలోనే కన్నుమూశాడు. మనవళ్లు కాశిం, బాబు ఆ బాణీని నిలబెట్టారు.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. ద్వారం వెంకటస్వామి నాయుడు 1941లో, మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1978లో, శ్రీపాద పినాకపాణి 1983లో, నేదునూరి కృష్ణమూర్తి 1991లో సంగీత కళానిధులయ్యారు. ఈ పేర్లు తెలుగు పత్రికలు చదివేవాళ్లకు కంఠతా వచ్చు. 1998 పక్కన ఉన్న తెలుగువాడి పేరు ఎంతమందికి వచ్చు? బిస్మిల్లా ఖాన్ పేరు తెలియని తెలుగు ఇల్లు లేదు. 2001లో ఆయనకు భారతరత్న ఇచ్చినప్పుడు మనమంతా సంతోషించాం, సంతోషించాలి కూడా. కానీ కాశీ సన్నాయి తెలిసినంతగా కరవది సన్నాయి మనకు ఎందుకు తెలియలేదు?

కారణాలున్నాయి. కర్ణాటక సంగీతానికి సభలు, పత్రికా విమర్శకులు, రికార్డింగు కంపెనీలు, డిసెంబరు కచేరీలు అన్నీ మద్రాసులో పాతుకుపోయాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది గానీ సంగీతపు రాజధాని అక్కడే ఉండిపోయింది. కావేరి గట్టున నాదస్వర విద్వాంసుడు రాత్రంతా రాగాలాపన చేస్తే గుడి వీధుల్లో కూర్చుని వినే జనం ఉన్నారు. మన దగ్గర సన్నాయి పెళ్లికీ ఊరేగింపుకీ పరిమితమైంది. పెళ్లిపందిట్లో ఎవరు వింటారు? వియ్యపురాలి అలక మధ్య, విస్తళ్ల హడావుడి మధ్య ఖరహరప్రియ ఆలాపన సాగుతుంటుంది. తెలుగులో పుట్టిన కీర్తనను తెలుగు నేల మీద పుట్టిన సాయిబు వినిపించాలంటే అరవదేశం పోవలసి వచ్చింది. ఆయన వలస పోయాడని కాదు బాధ. ఆయన్ని పోగొట్టుకున్నామన్న స్పృహ కూడా మనకు లేకపోవడమే బాధ.

భద్రాద్రి మేళం

పోనివాళ్ల సంగతీ చూద్దాం. అప్పటి కృష్ణా జిల్లాలోని గంపలగూడెం దగ్గర గోసవీడులో 1928లో పుట్టిన షేక్ హసన్ ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకుని గోసవీడు షేక్ హసన్ సాహెబ్ అయ్యాడు. భద్రాచలం రామాలయంలో ఏళ్ల తరబడి నాదస్వర విద్వాంసుడిగా పనిచేశాడు. రామదాసును చెరసాలలో పెట్టిన తానీషా కథ, రామలక్ష్మణులు వచ్చి బాకీ తీర్చిన కథ తెలుగు పిల్లలందరికీ తెలుసు. తానీషా కాలం నుంచి వచ్చిందని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీ కూడా తెలుసు. కథలోని ముస్లిం పాలకుడు ఇంతగా గుర్తున్నాడు. అదే గుడిలో ఉద్యోగిగా రోజూ సన్నాయి ఊదిన ముస్లిం విద్వాంసుడు గుర్తులేడు. ముస్లిం అంటే పాలకుడే అనుకునే అలవాటు మన చరిత్రకు ఎంత గట్టిగా ఉందో చూడండి. పనిచేసి బతికే ముస్లిం దాని కంటికి ఆనడు.

హసన్ సాహెబ్ 2021లో, తొంభై దాటిన వయసులో చనిపోయాడు. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. మనిషి పోయాక వచ్చిన పతకం. ఆయన ఊపిరి పట్టి వాయించిన ఏళ్లలో ఆయన కచేరీలను ఎంతమంది రికార్డు చేశారు, ఆయనకు తెలిసిన కీర్తనలను ఎవరు రాసిపెట్టారు అన్న ప్రశ్నలకు పతకం జవాబు కాదు.

ఆమె వాయించిన సన్నాయి

చినమౌలానా శిష్యుల్లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులున్నారు. ఇద్దరూ ఆంధ్రలోని సన్నాయి కుటుంబాలలో పుట్టినవాళ్లు. శ్రీరంగంలో గురువు దగ్గర చేరి అక్కడే స్థిరపడ్డారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది, తమిళనాడు జాబితాలో.

కాలీషాబీ గురించి వేరుగా చెప్పుకోవాలి. సన్నాయి మగవాళ్ల వాద్యమని అందరూ ఖాయం చేసుకున్నారు. ఊపిరితిత్తుల బలం కావాలని ఒక సాకు. రాత్రుళ్లు ఊరేగింపుల్లో నడవాలని ఇంకో సాకు. ముస్లిం ఆడది నలుగురిలో కూర్చుని వాయించడమేమిటని మూడో సాకు. అన్నింటినీ దాటి ఆమె భర్త పక్కన సమానంగా కూర్చుని వాయించింది. ముస్లిం స్త్రీ అనగానే బురఖా, తలాక్ తప్ప మరేమీ తోచని పత్రికలకు ఈమె కనిపించి ఉంటే ఎంత బాగుండేది! ముస్లిం స్త్రీ చేతి పని గురించి, విద్య గురించి, ఆమె సాధించిన స్థాయి గురించి మాట్లాడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏం కావాలి? కానీ ఆమె గురించి రాయాలంటే తోడి గురించి రాయాలి, కల్యాణి గురించి రాయాలి, బాణీ గురించి రాయాలి. సానుభూతి రాయడం సులువు. సంగీతం గురించి రాయడానికి వినాలి.

నాజర్‌కు దొరికింది వీళ్లకెందుకు దొరకలేదు?

ఇక్కడ ఒక పోలిక అవసరం. బుర్రకథ షేక్ నాజర్ (1920–1997) కూడా గుంటూరు జిల్లా వాడే. పొన్నెకల్లులో పుట్టాడు. దూదేకుల కుటుంబం. తన జీవితకథకు 'పింజారీ' అనే పేరు పెట్టుకోవడంలోనే ఆయన ధైర్యం ఉంది. తిట్టును తీసుకుని పుస్తకం అట్ట మీద వేసి జనం చేత గౌరవంగా పలికించాడు. ఆయన పేరు తెలియని తెలుగువాడు లేడు. కారణం ఆయన ప్రతిభ ఒక్కటే కాదు. ఆయన వెనక ప్రజానాట్యమండలి ఉంది, ఉద్యమం ఉంది, ఆయన కథలను అచ్చువేసిన, ఆయన మాటలను రాసుకున్న మనుషులున్నారు. బుర్రకథలో మాట ఉంది. ఆ మాటకు రాజకీయం ఉంది. అభ్యుదయ సాహిత్యం ఆయన్ని తన ఖాతాలో రాసుకుంది.

సన్నాయికి ఉద్యమం లేదు. అది గుడిలో మోగింది కాబట్టి అభ్యుదయవాదులకు భక్తి కింద కనిపించింది. సాయిబు చేతిలో మోగింది కాబట్టి సంప్రదాయ పండితులకు కూలి కింద కనిపించింది. గుడిలో మోగింది కాబట్టి మా మతపెద్దలకు షిర్క్ కింద కనిపించింది. ముగ్గురికీ మూడు కారణాలు. ఫలితం ఒక్కటే. ఎవరూ రాయలేదు.

సామరస్యం అనే తెర

అప్పుడప్పుడూ రాసినవాళ్లున్నారు, కాదనను. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలిన తర్వాత సెక్యులర్ మిత్రులకు ఉదాహరణలు కావలసి వచ్చాయి. రాముడి గుడిలో సన్నాయి వాయించే ముస్లిం కంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? శ్రీరామనవమి వచ్చినప్పుడల్లా ఒక ఫొటో, ఒక పెట్టె వార్త, "మతసామరస్యానికి ప్రతీక" అని ఒక శీర్షిక. ఆ మిత్రుల ఉద్దేశం మంచిదే. ఆ మంచితనాన్ని తక్కువ చేయను. కానీ ఆ శీర్షిక కింద జరిగే నష్టం కూడా చెప్పాలి.

ప్రతీక అన్నాక మనిషి పోతాడు. ద్వారం వారిని ఎవరైనా ఏ సామరస్యానికైనా ప్రతీక అన్నారా? ఆయన్ని విద్వాంసుడన్నారు. ఆయన కమాను పట్టు గురించి రాశారు. చినమౌలానా దగ్గరికి వచ్చేసరికి ఆయన ఎలా వాయించాడో వదిలేసి ఆయన ఏ మతం వాడో రాశారు. మంద్రస్థాయిలో ఆయన ఒక్క స్వరం మీద నిలిచే తీరు, ఆలాపనలో తొందర లేని నడక, తెలుగు సాహిత్యం మీద తంజావూరు గమకం వేసినప్పుడు వచ్చే నిండుదనం — వీటి గురించి ఎవరు రాశారు? హిందూ దేవుడి ముందు వాయించాడు కాబట్టి మంచి ముస్లిం అన్న మాట మెచ్చుకోలులా వినిపిస్తుంది. వాయించని ముస్లిం సంగతేమిటన్న అనుమానం ఆ మాట వెనకే నిలబడి ఉంటుంది. మా దేశభక్తికి సన్నాయిని జామీను పెట్టుకోవద్దని సెక్యులర్ మిత్రులకు మనవి.

ఇంకా ఒకటి. సామరస్యం మాట కులాన్ని దాచేస్తుంది. మేళగాళ్లు ముస్లింలైనా, మంగలివాళ్లైనా భజంత్రీలే. శుభలేఖలో వాళ్ల పేరుండదు. పందిట్లో వాళ్ల చోటు పక్కకి, భోజనాల బంతి ఆఖరుకి. రామభక్తి గురించి పొంగిపోయే నోరు ఆ బంతి గురించి మాట్లాడదు. సాయిబు మేళగాడు, మంగలి మేళగాడు ఒకే పందిట్లో ఒకే అవమానాన్ని పంచుకున్నారు. అసలైన కలయిక చూపించాలనుకునేవాళ్లు దాన్ని గర్భగుడి ముందు కాదు, ఆ ఆఖరి బంతిలో చూపించాలి.

మా ఇంటి సంగతి

ఇక మాలో మాట. సంగీతం హరాం అనే వాదం కొత్తది కాదు, దాని మీద వాదోపవాదాలూ కొత్తవి కావు. చిష్తీ సూఫీలు సమా వింటూనే వచ్చారు. దర్గాల్లో ఖవ్వాలీ మోగుతూనే ఉంది. ఉర్దూలో పాడితే కళ, తెలుగులో వాయిస్తే తప్పా? ఖవ్వాలు మనవాడైతే సన్నాయి మస్తానయ్య మనవాడు కాకుండా ఎలా పోయాడు? గుడి మేళం మానుకుంటే తప్ప పూర్తి ముస్లింవి కావని చెప్పే పెద్దలు, మానుకున్నాక ఆ ఇంటి పొయ్యి ఎలా వెలగాలో కూడా చెప్పాలి. నమాజు చదివి మేళానికి పోయిన మనిషి తన దేవుడికి తాను జవాబు చెప్పుకుంటాడు. మధ్యలో మన లెక్క అక్కర్లేదు.

అష్రాఫులకూ దూదేకులకూ మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడాల్లో ఉన్న దూరం సంగీతంలోనూ ఉంది. హైదరాబాద్ తహజీబ్ అంటే మనకు గర్వం. ఉండాల్సిందే. చిలకలూరిపేట తహజీబ్ అనే మాట మాత్రం మన నోట రాదు. ఇప్పటికైనా రావాలి. తెలుగు మాట్లాడే ముస్లిం సగం ముస్లిం కాడు. ఉర్దూ మాట్లాడే ముస్లిం సగం తెలుగువాడూ కాడు. ఇద్దరి ఖాతాలోనూ ఈ సన్నాయి ఉంది.

మిగిలింది వినడమే

కాలం ఎవరికోసమూ ఆగలేదు. క్యాసెట్లు వచ్చాక సన్నాయి లేకుండానే సన్నాయి మోగింది. ఒకరి ఊపిరిని అద్దెకు తేవడం కంటే టేపు పెట్టడం చవక. తర్వాత బ్యాండు మేళాలు, ఆ తర్వాత డీజేలు. గట్టిమేళానికి మాత్రం పది నిమిషాలు పిలిచి పంపించే పెళ్లిళ్లున్నాయి. పది నిమిషాల కోసం పదేళ్లు సాధన ఎవరు చేస్తారు? పిల్లలు వేరే పనులకు పోయారు. పోవడం వాళ్ల తప్పు కాదు.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. కరవది, చిలకలూరిపేట, గోసవీడు లాంటి ఊళ్లకు వెళ్లి మిగిలిన పెద్దల దగ్గర కూర్చోవాలి. గురుపరంపరలు రాసుకోవాలి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్లో ఏ గుడి మేళం ఏ కుటుంబానిదో, ఏ పాఠం ఎవరిదో రాసుకోవాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. అలాంటి కేంద్రాల్లో ఉన్న పాత నాదస్వర రికార్డింగులను వెతికి, కళాకారుల పూర్తి పేర్లతో జనానికి అందించాలి. సంగీత కళాశాలల పాఠాల్లో చినమౌలానా బాణీ ఒక పాఠం కావాలి. రాబోయే తెలుగు ముస్లిం చరిత్ర పుస్తకంలో నవాబుల అధ్యాయం పక్కన మేళగాళ్ల అధ్యాయం ఉండాలి. ఈ పనులకు సర్కారు కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక రికార్డరు, కాస్త ఓపిక చాలు.

అన్నింటికంటే ముందు వినాలి. చినమౌలానా రికార్డింగులు దొరుకుతున్నాయి. తోడో, కల్యాణో, మోహనో ఒకటి పెట్టుకుని, మతం సంగతి పక్కనపెట్టి, ఒక గంట కూర్చుని వినండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో గమనించండి. తెలుగు పదం ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగుతుంది. ఆ ఆగడం కరవదిలో, చిలకలూరిపేటలో, తెలుగు మాట్లాడే ముస్లిం ఇళ్లలో నేర్చుకున్నది. ఆ ఇళ్ల పేర్లు చరిత్రలో రాయించుకోవడం మేము అడుగుతున్న దయ కాదు, మాకు రావలసిన బాకీ.